పాలసీసాలో గాలి, నా మీద నింద

మా మనవరాలి కడుపులో గాలి చేరడానికి కారణం నేనేనని మా ఇంట్లో తీర్పు చెప్పారు. నన్నొక్క మాట అడగలేదు. నేను పెరట్లో ముఖం కడుక్కుని వచ్చేలోగా తీర్పు అయిపోయింది, అమలు కూడా అయిపోయింది. నేను ఏరి కోరి కొన్న పాలసీసాని అటక ఎక్కించారు, పిల్లకి పాలు పట్టే పనిలోంచి నన్ను దించేశారు.

ఆ రోజుల్లో నేనింకా కుర్రవాణ్ణే, డెబ్బై నిండలేదు. (ఈ మాట అన్నప్పుడల్లా మా ఆవిడ కళ్లజోడు తీసి మరీ నా వంక చూస్తుంది.) బడి నన్ను ఐదో తరగతిలోనే వదిలేసింది గాని నేను చదువుని వదల్లేదు. పురుగుమందు డబ్బా మీది చీటీ మొదలుకొని పంపుసెట్టుతో ఇచ్చే పుస్తకం దాకా అక్షరం విడవకుండా చదివినవాణ్ణి. మా అమ్మాయి మొదటి పురుడు మా ఇంట్లోనే. ఆపరేషన్ అయింది, పాలు సరిగా పడలేదు. ముందు తల్లిపాలే పట్టండి, చాలనంత మటుకే డబ్బాపాలు అని డాక్టరమ్మ చెప్పింది. ఎవరో తెచ్చిచ్చిన మామూలు సీసాతో పడితే పిల్ల ప్రతి గుటకకీ ఇంత గాలి కూడా మింగేది. కడుపు బిగిసిపోయి, కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, ముఖం కందగడ్డలా చేసుకుని ఏడ్చేది. ఆ ఏడుపు వింటూ కూర్చోవడం నావల్ల కాలేదు. అంత చదువూ చదివింది ఇందుకోసమే కాబోలు అనుకున్నాను.

ఆలోచిస్తే సంగతి తేలికగానే అందింది. నూనె డబ్బాకి ఒకే చిల్లు పెట్టి వంపితే గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది. రెండో వైపు ఇంకో చిల్లు పెడితే నూనె దారంలా దిగుతుంది. పాలసీసాకైనా అంతే కదా, గాలి రావడానికి వేరే దారి ఉంటే అది పాలలో ఎందుకు కలుస్తుంది? మర్నాడే రాజాం వెళ్లి, మందుల దుకాణంలో ఉన్న సీసాలన్నీ దింపించి, నీళ్లు పోయించి, ఒక్కొక్కదాన్నీ తలకిందులు చేసి చూశాను. నా వెనక జనం చేరిపోయారు. దుకాణదారు, "తాతా, నువ్వు కొంతన్నది పాలసీసాయా, బోరు మోటారా?" అన్నాడు. నేను ఇంకో సీసాని తలకిందులు చేశాను. చివరికి అడుగున సన్నటి గాలిరంధ్రం ఉన్న సీసా దొరికింది. రంధ్రానికి లోపల రబ్బరు బిళ్ల ఉంది. దానిలోంచి గాలి లోపలికి పోతుంది గాని పాలు బయటికి రావు. వంపి చూస్తే పీక వైపు ఒక్క బుడగ లేదు.

తిరుగు బస్సులో ఆ సీసాని కండక్టరుకి చూపించాను. పక్కనున్నవాళ్లకీ, వెనకనున్నవాళ్లకీ చూపించాను. దిగాక టీకొట్టు దగ్గర నీళ్లు పోసి మరీ చూపించాను. ఆపైన మా ఇంటికి పిల్లని చూడ్డానికి వచ్చినవాళ్లెవరైనా ముందు సీసాని చూసి, నేను చెప్పే నూనె డబ్బా కథ విన్నాకనే గదిలోకి వెళ్లేవారు. అందరూ బాగుంది బాగుంది అన్నారు. పిల్ల కూడా హాయిగా తాగి, నా ఒళ్లోనే నిద్రపోయింది. నా అంతటివాడు జిల్లాలో లేడనుకున్నాను.

ఆ వైభవం ఎంతో కాలం నిలవలేదు. కడుపు మళ్లీ బిగిసింది, ఏడుపు మళ్లీ మొదలైంది. సరిగ్గా అప్పుడే బారసాలకని ఆమదాలవలస నుంచి వియ్యాలవారు దిగారు. నేను పాలు పడుతుంటే మా వియ్యపురాలు పక్కనే నిలబడి కాసేపు చూసి, "అన్నియ్యగారూ, మీరు పాలు పడతన్నారా, గాలి కొడతన్నారా?" అంది, సైకిల్ షాపువాణ్ణి అడిగినట్టు. మా అల్లుడు నెమ్మదస్తుడు, వెళ్లి మెడ దగ్గర గాలిదారి ఉన్న ఇంకో సీసా తెచ్చాడు. పిల్ల దానితో తాగి పడుకుంది. తీర్పు వచ్చింది ఆ పూటే.

పిల్ల నెమ్మదించింది కదా, ఇంక నీకేం కావాలి అంటారేమో. పిల్లని ఎత్తుకోబోతే మా అమ్మాయి కూడా, "నాన్నా, కాసేపు అలా కూర్చో" అనడం మొదలుపెట్టింది. అది ఓర్చుకోవడం నా వల్ల కాలేదు. అటక మీంచి సీసా దింపి, పెరట్లో కూర్చుని నీళ్లు పోసి వంపాను. గుడగుడ, ఆగడం, మళ్లీ గుడగుడ. ఒక్క చిల్లు నూనె డబ్బాయే. తిప్పి చూస్తే అడుగున నల్లటి చుక్క. దాన్ని ఇదివరకే చూశాను గాని కంపెనీవాడి గుర్తు అనుకున్నాను. (సీసాతో వచ్చిన చీటీ మూడుసార్లు చదివినవాడి తెలివి అది.) గోటితో గీకితే ఆముదం వాసన వచ్చింది. ఇంట్లో పట్టిన కాటుక, గాలిరంధ్రాన్ని పూర్తిగా మూసేసింది.

మా ఆవిడని పిలిచాను. తడుముకోకుండా చెప్పింది. "సుక్కే. నానే ఎట్టినాను. పిల్లకి అరికాల్లో ఎట్టినట్టే దానికీ అడుగున ఎట్టినాను. మరగబెట్టినప్పుడల్లా పోతన్నాదని మళ్లీ ఎడతన్నాను."

చుక్క తుడిచి, దారంలా దిగే నీటిధారని అందరినీ పిలిచి చూపించాను. మా అల్లుడు నవ్వుతూ అదే సీసాలో పాలు పోసి నా చేతికిచ్చాడు, మా అమ్మాయి పిల్లనిచ్చింది. పిల్ల తాగింది, నా భుజం మీద ఒక్క త్రేన్పు తీసి పడుకుంది. అంతా బాగానే ఉంది గాని, తప్పు నీది కాదు అని మాత్రం ఒక్కరూ అనలేదు. వియ్యపురాలు భోజనం బాగుందని చెప్పి రైలెక్కింది.

ఇప్పుడా పిల్ల బడికి వెళుతోంది. పాలగ్లాసు చూపిస్తే పరిగెత్తి పారిపోతుంది. కిక్కిరిసిన బస్సులో, ఖాళీ పాలసీసాని పతకంలా పైకెత్తి పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొస్తే నాకే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త బెంగ కూడా కలుగుతుంది. అయినా న్యాయం న్యాయమే. మొన్న మా ఆవిడ చింతపండులో గింజలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని, ఆ తప్పు ఎవరిదో ఇప్పటికైనా చెప్పమని అడిగాను. ఆవిడ తలెత్తకుండానే చెప్పింది:

"నీదే. ఊరంతా తిప్పి సూపించినావు, దానికి దిష్టి తగల్దేటి? నువ్వు సీసాని సంచీలో ఎట్టుకోని తిన్నగా ఇంటికొచ్చుంటే నానెందుకు సుక్కెడతాను?"