సగంలో ఆగిన అక్షరాలు

సాలూరులో లారీల మీద పేర్లు రాసే ఆడమనిషి స్వర్ణ ఒక్కతే. ఆ పని తండ్రి జేమ్స్ దగ్గర నేర్చుకుంది. ఆయన అక్షరాల పొట్టలు నిండుగా, తలకట్లు కొంచెం వెనక్కి వాలి ఉండేవి. దూరం నుంచి చూసినా ఫలానావాడి రాత అని డ్రైవర్లు గుర్తుపట్టేవారు. ఆయన పోయాక ఆ రాత ఆమె చేతికి వచ్చింది.

స్టిక్కర్లు వచ్చి కుంచె పని తగ్గిపోయింది. అప్పుడే గిరిబాబు, లాప్‌టాప్‌తో నడుస్తూ చెక్క మీద అక్షరాలు చెక్కే చిన్న సీఎన్‌సీ మిషను సంగతి చెప్పాడు. అతనిది పక్క వీధిలో లారీ వైరింగు షెడ్డు. చిన్నప్పటి నుంచీ ఆమెను "సెల్లెమ్మా" అనే పిలిచేవాడు. ఇద్దరూ ఒకే రకం మిషన్లు విడిభాగాలుగా తెప్పించి, స్వర్ణ వసారాలో కూర్చుని బిగించుకున్నారు.

టేకు చెక్క కోసం ఇద్దరూ ఉలిని తిప్పే మోటార్లు పెద్దవి పెట్టాక స్వర్ణ మిషనుకు జబ్బు పట్టుకుంది. అక్షరం సగంలో ఉండగా కనెక్షన్ పోయిందని లాప్‌టాప్ చూపించేది. మిషను ఉన్నచోటే నిలబడిపోయేది. మోటారు మాత్రం తిరుగుతూ చెక్కను మాడ్చేసేది. కేబులు మార్చింది. లాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగులు మార్చింది. మోటారు ఆపి ఉత్తినే నడిపిస్తే ఎంతసేపైనా నడిచేది. ఆన్ చేస్తే మళ్లీ అదే వరస.

"నీది కూడా ఆగతందా అన్నా?" అని గిరిబాబును అడిగింది.

"నాదీ అంతే సెల్లెమ్మా. సైనా సరుకు, ఏటి సేస్తాం?"

ఆ ఒక్క మాటతో ఆమె వెతకడం మానేసింది. ఇద్దరికీ ఉన్న కష్టమే కదా అనుకుంది.

చర్చిలో ప్రసంగ వేదిక ముందు పెట్టడానికి "సమాధానము" అని, శాంతి అనే అర్థంలో, ఒక బల్ల చెక్కమన్నారు. సంఘపెద్ద జ్ఞానానందం తన పెరట్లో కొట్టించిన టేకు పలక ఇచ్చాడు. మిషను "ధా" దగ్గర ఆగిపోయి పలక పాడయింది. స్వర్ణ ఏడ్చింది. గిరిబాబు వచ్చి, "నాన్ సూస్తాను, పైలియ్యి" అన్నాడు. ఆ ఫైలులో తండ్రి రాతలో ఆమె గీసుకున్న అక్షరమాలంతా ఉంది. పెన్‌డ్రైవ్ ఇచ్చేసింది. జ్ఞానానందం ఇంకో పలక ఇచ్చాడు.

బల్ల నున్నగా వచ్చింది. "నీ అదృష్టం, ఆగనేదు" అన్నాడు గిరిబాబు. ఆదివారం ఆరాధనలో స్వర్ణ నిలబడి, తన అన్నలాంటి మనిషి కోసం అందరిచేతా ప్రార్థన చేయించింది.

కొన్నాళ్లకు బైపాసు దగ్గర ఆగి ఉన్న లారీ క్యాబిన్ మీద కొత్త చెక్క బోర్డు చూసింది. తండ్రి అక్షరాలు. తను చెక్కినవి కావు. తిన్నగా గిరిబాబు షెడ్డుకు వెళ్లింది. అతను లేడు. మిషను దానంతటదే పని చేసుకుపోతోంది. భార్య దుర్గాభవాని పక్కన కూర్చుని చెక్కపొట్టు ఊడుస్తోంది.

"ఇది ఆగదా ఒదినా?"

"ముందు ఆగిపోయేదమ్మా. మోటారు కరెంటు లాప్‌టాప్ తీగని గజిబిజి సేస్తందని దానికి వేరేగా ఎర్తు తీసి, అదిగో, ఆ కడ్డీ బూమిలో పాతినాడు. అప్పుట్నుంచి ఆగనేదు. నీకు సెప్పనేదేటి?"

"ఎప్పుడు పాతినాడు?"

"పెద్ద మోటారు పెట్టిన వారానికే, నీ సర్చి బల్లకి సానా ముందే."

స్వర్ణ అక్కడే నిలబడిపోయింది. గిరిబాబు వచ్చి ఆమె ముఖం చూసి, బండి స్టాండు వేయడం కూడా మరిచిపోయాడు.

"నీదీ ఆగతందా అని నానడిగినాను గదన్నా."

అతను బండి గోడకు ఆనించాడు. "రెండు మిషన్లకి సరిపడా పని ఈ ఊర్లో ఉందా, నువ్వే సెప్పు."

"పని పట్టుకుపో. మా నాన్న అచ్చరాలు నీకెందుకు?"

దుర్గాభవాని చీపురు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు స్వర్ణ తన మోటారుకూ ఎర్తు వేయించుకుంది. మిషను ఆగడం మానేసింది. పార్వతీపురం వైపు నుంచి వచ్చే లారీలవాళ్లను తనే వెళ్లి అడిగి పనులు తెచ్చుకుంటోంది. అక్షరాలన్నీ మళ్లీ గీసింది. ఈసారి తలకట్లు తన ఇష్టం వచ్చినట్టు నిటారుగా పెట్టింది.

గిరిబాబు వీధిలో కనిపిస్తే ఇప్పటికీ "సెల్లెమ్మా" అంటాడు. ఆమె తలూపుతుంది. ఆ పిలుపు వినబడిన పూట మాత్రం అన్నం సయించదు.