రోజారాణి పిడికెడు బియ్యం

దూలపల్లిలోని ఓ మందుల కంపెనీలో పద్నాలుగేళ్లు మాత్రల డబ్బాలు ప్యాక్ చేసింది రోజారాణి. ఉన్న ఉద్యోగం వదిలేసి శామీర్‌పేట దగ్గరి పల్లెకు సువార్తకు పోతానన్నప్పుడు మేడ్చల్‌లో ఆమె అన్న పరమేశ్ నెత్తి బాదుకున్నాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా ఏంది? గాడ నీకెవరున్నరు?"

"దేవుడు పిలిచిండన్నా," అంది రోజారాణి.

ఆ పిలుపు ఆమె విన్నది మాత్రం వాళ్ల చర్చి పాస్టరు శామ్యూల్ అయ్యగారి నోట. ఉపవాస ప్రార్థనలో ఆమె తల మీద చెయ్యి పెట్టి, "దేవుడు నిన్ను గా ఊరికి పంపుతుండమ్మా," అన్నాడాయన. అయ్యగారు అన్నాడంటే దేవుడు అన్నట్టే అనుకుంది పిచ్చిది. ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లిపోయింది.

మొదట బుచ్చమ్మ అనే ముసలామె ఇంటి అరుగు మీద ప్రార్థన. తర్వాత రేకుల షెడ్డు. అలా పదకొండేళ్లు. జ్వరాలకూ పురుళ్లకూ మొగుడూ పెళ్లాల కొట్లాటలకూ అందరి ఇళ్లకూ రోజారాణే పరుగెత్తింది. బుచ్చమ్మకు పక్షవాతం వస్తే మూడు నెలలు స్నానం చేయించి, ముద్దలు కలిపి తినిపించింది. జీతం గీతం ఏమీ లేదు. ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేరు చెప్పి పిడికెడు బియ్యం పక్కన డబ్బాలో వేసేవారు. ఆదివారం వాటిని తెచ్చి మందిరంలో సంచిలో పోసేవారు. అదే ఆమె కూడు. సన్నవీ దొడ్డువీ కలిసిపోయి అన్నం కొంత పలుకు, కొంత మెత్తన. అయినా ఆమెకు అంత రుచి మరెక్కడా దొరకలేదు.

షెడ్డు తీసేసి స్లాబు మందిరం కట్టారు. ప్రతిష్ఠకు ముందు రెండు ఆదివారాలు సంచిలో ఒక్క గింజ పడలేదు. హడావిడిలో మరిచిపోయి ఉంటారులే అని వాళ్ల తరఫున తనే సర్దిచెప్పుకుంది.

ప్రతిష్ఠ నాడు శామ్యూల్ అయ్యగారు ఆమెను ముందుకు పిలిచి శాలువా కప్పాడు. "మన సిస్టర్ మస్తు కష్టపడ్డది. ఇగ మేడ్చల్ పోయి విశ్రాంతి తీసుకుంటది. ఇయ్యాల్టి సంది మీ పాస్టరు మా ప్రవీణ్," అన్నాడు. ప్రవీణ్ ఆయన కొడుకు. ఈ సంగతి రోజారాణికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

చప్పట్లు కొట్టి, ఆడవాళ్లు వరుసగా లేచారు. మూడు వారాలు దాచిన పిడికెళ్లన్నీ ప్రవీణ్ ముందున్న కొత్త స్టీలు డ్రమ్ములో పోశారు. అందరికన్నా ముందు కర్ర ఊతంగా కుంటుకుంటూ వెళ్లింది బుచ్చమ్మ. అంటే ఊరందరికీ తెలుసు, తెలియనిది రోజారాణి ఒక్కదానికే.

భోజనాల దగ్గర అయ్యగారిని నిలదీసింది. "నన్ను పిలిచింది దేవుడన్నవు గదా అయ్యగారూ. పొమ్మన్నది గూడ దేవుడేనా?"

"గదంతా మందిరం కమిటీ నిర్ణయమమ్మా," అన్నాడాయన, వడ్డించేవాళ్ల వైపు చూస్తూ.

పిలిచేటప్పుడు దేవుడు, గెంటేటప్పుడు కమిటీ! ఆ మాటకన్నా ఆమెను కోసింది బుచ్చమ్మ మౌనం. గోడ వారగా కూర్చున్న ముసలామె దగ్గరికి వెళ్లింది.

"నాకొక్క మాట జెప్పబుద్ధి గాలేదా అవ్వా?"

"అయ్యగారు జెప్పొద్దన్నడు బిడ్డా," అంది బుచ్చమ్మ, అమాయకంగా ఆమె మొహంలోకి చూస్తూ. "అయ్యగారి మాటంటే దేవుని మాటేనని నువ్వే గదా జెప్పినవు?"

నిజమే. పదకొండేళ్ల కింద అరుగు మీద కూర్చోబెట్టి ఆ ముసలామెకు ఆ మాట నేర్పింది రోజారాణే.