గాజు పలక ముందు విడిచిన చెప్పులు

బర్మాలోని మా పజుండౌంగ్ పేట రాములవారి గుడిలో శనివారం భజన నడిపే ముసలి మామ్మకు చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి, ఆమె చేతిలోని పెద్ద ఇత్తడి భజన తాళాలు తర్వాత ఎవరికి దక్కుతాయన్న ఆలోచన నన్ను వదల్లేదు. తాళాలు ఎవరి చేతిలో ఉంటే భజన వారి వెంట నడుస్తుంది. అవి నాకే రావాలి. పద్యాలూ వాటి అర్థాలూ మా నాన్న చిన్నప్పుడే నేర్పాడు. పుస్తకం చూడకుండా పాడగలను. మరిది భార్య, మా తోడికోడలు, నది అవతలి తన్లిన్‌లో బర్మా బడికి వెళ్లిన మనిషి. కీర్తనలను బర్మా అక్షరాల్లో రాసుకొని చదువుకుంటుంది. అయినా మామ్మ ప్రసాదం ఆమె చేతనే పంచిస్తుంది. అది చూసినప్పుడల్లా, దేవుడి ఎదుట కూర్చొని ఉండగానే, నాకు కడుపు మండేది.

ఒకసారి మామ్మకు ఊరంతా పైనుంచి చూడాలనిపించింది. ఊరి నడుమ పాత ఎత్తు మేడ ఒకటుంది. ఒకప్పుడు దాన్ని మించిన కట్టడం ఊళ్లో లేదట. పై అంతస్తులో చుట్టూ గాజు పలకలు బిగించి, జనాన్ని చూడనిస్తారు. కరెంటు ఉండే వేళ కనుక్కొని ముగ్గురం బస్సెక్కాం. మామ్మ పక్క సీటు నేనే పట్టాను. ఆమె చేతిసంచీలో తాళాలు చప్పుడు చేశాయి.

"అవెందుకు తెచ్చినావు మామ్మా?"

"ఇంట్లో ఒగ్గేత్తే నాకు మనసు నిలవదే."

లిఫ్టులో వెళుతూ, లోకమంతా స్వామి పాదాల దగ్గరే ఉందని చెప్పే పద్యం ఒకటి మనసులో సిద్ధం చేసుకున్నాను. తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఎండలో ష్వేడగోన్ బౌద్ధ పగోడా బంగారు శిఖరం. గాజు దగ్గరికి నడిచి, గొంతు సవరించుకొని పద్యం ఎత్తుకున్నాను. రెండో పాదం సగంలో ఉండగా, నా వెనక ఎవరూ లేరని తెలిసింది.

తోడికోడలు లిఫ్టు పక్కన గోడవార చెప్పులు విడుస్తోంది.

కాపలా అతను "అడో" అని, అంటే బర్మాలో పిన్నమ్మా అని పిలిచి, ఇక్కడ చెప్పులు వేసుకోవచ్చన్నాడు. ఆమె నవ్వి, పగోడా వైపు చూపించింది. తర్వాత మామ్మతో అంది: "దేవుడు ఎదర నిల్చున్నాడు. మన గుడి ఆ కిందెక్కడో ఉంటాది. సెప్పుల్తో ఎలా నిల్చుంటాం?"

మామ్మ గోడకు చెయ్యి ఆనించి తన చెప్పులూ విడవబోయింది. కనీసం ఆ సేవైనా నాకు దక్కాలని గబగబా వెళ్లి వంగాను. అప్పటికే ఒక చెప్పు తోడికోడలి చేతిలో ఉంది. రెండోది నేను లాగాను.

"సెరో కాలూ పట్టీసుకున్నారు. నన్ను పడగొట్టీసేలా ఉన్నారు" అంది మామ్మ.

పక్కనున్న బర్మా కుటుంబం మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండానే చెప్పులు విడిచింది. అందరికంటే చివర నేను. గుడిలో పాదరక్షలు ఎందుకు విడవాలో శాస్త్రం చూపించి ఎంతసేపైనా చెప్పగలను. ఇక్కడ విడవాలని నాకు తోచలేదు, ఆమెకు తోచింది. చల్లటి నేల మీద నిలబడి స్వామిని ఒక్కటే అడిగాను: ఇన్నేళ్లు నీ మాటలే చదివాను కదా, ఆ తలపు ముందు నాకెందుకు ఇవ్వలేదు?

మామ్మ నది అవతల తన్లిన్ వైపు చాలాసేపు చూసింది. ఇవతల ఇళ్ల కప్పుల మధ్య మా గుడి గోపురం ఎంత వెతికినా దొరకలేదు. అయినా ఆ దిక్కుకే దండం పెట్టి, సంచీలోంచి తాళాలు తీసి తోడికోడలి చేతుల్లో పెట్టింది.

"నాకొద్దు మామ్మా, అప్పకి ఇయ్యి. నాకు తెలుగు సదువు రాదు" అని తోడికోడలు నన్ను చూపించింది.

"సదువు దానికుంది, అది పాడుతాది. నువ్వు తాళం ఎయ్యి." మామ్మ నావైపు తిరిగింది. "మొకం అలా ఎట్టినావేటే? పాట నీదే కదేటి."

ఆ శనివారం కీర్తన నేనే ఎత్తుకున్నాను. తోడికోడలు తాళం తప్పాలని కావాలనే వేగం పెంచాను. చరణం చరణానికీ ఇంకా పెంచాను. పాడేవాళ్లంతా వెనకబడ్డారు. ఆమె కళ్లు మూసుకొని నా వెంటే వచ్చింది. ఒక్క దెబ్బా జారలేదు. చివరికి ఊపిరి అందక ఆగింది నేనే. అప్పుడు ఆమె కళ్లు తెరిచి, తాళాలు గాలిలో ఎత్తి పట్టుకొని, నేను మళ్లీ ఎప్పుడు మొదలుపెడతానా అని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.