తోపుడు శనివారం

ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోయడంలో ఎవాల్ట్ నలభై ఏళ్లు నడుం వంచాడు. కాసెల్ పట్టణంలో ఐదో అంతస్తుకు పియానో ఎక్కించాలంటే అతన్నే పిలిచేవారు. బీరువాకు అటువైపు పట్టుకున్నవాడు నిజంగా మోస్తున్నాడో, మోస్తున్నట్టు నటిస్తున్నాడో మొహం చూడకుండానే చెప్పగలడు. ఆ విద్య రాకపోయుంటే బాగుండేదని డెబ్బై రెండో ఏట అనిపించింది.

ఎడర్ నది ఒడ్డున, అడవిలో ఉన్న ఆ చిన్న క్యాంపులో నీళ్ల పక్క స్థలాలు ఆరే ఆరు. నాలుగోది ఇరవై ఆరేళ్లుగా ఎవాల్ట్ దంపతులది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా కాపురమంతా అక్కడ నిలిపిన కారవాన్‌లోనే, ఆ చక్రాల ఇంట్లోనే. కిందటేడు పక్షవాతం వచ్చాక అతని భార్య రోస్విత పది అడుగులకు మించి నడవలేదు. కారవాన్ గుమ్మం నుంచి నది ఎనిమిది అడుగులు. కుర్చీలో కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంటే ఆవిడకు మాట కాస్త తేలిగ్గా వచ్చేది. డాక్టర్లు నమ్మకపోతే మానె, ఎవాల్ట్ నమ్మాడు.

నది పొంగితే ఆ బురదలోకి కారు దిగదు, బళ్లను చేతులతోనే తోసుకోవాలి. అందుకని ఒడ్డువాళ్లు ఏటా ఏప్రిల్ మొదటి శనివారం తమ కారవాన్‌ను ఒక మీటరు కదిపి చూపించాలి. నలుగురు పొరుగువాళ్లు సాయం పట్టవచ్చు. మూడుసార్లు తోసినా కదలకపోతే ఆ స్థలం వెనక వరుసలో మొదటివాడికి పోతుంది. ఇన్నేళ్లలో ఎవరిదీ పోలేదు. అదొక జాతరలా గడిచిపోయేది. అందరి బళ్లకూ "ఒకటి, రెండు, హుప్!" అని అరిచేది ఎవాల్టే.

వెనక వరుసలో మొదటివాడు హార్ట్‌మూట్, పద్నాలుగేళ్లుగా ఎవాల్ట్‌తో పేకాడుతున్న మనిషి. అతను ముందుకొస్తే వెనకున్న ముగ్గురూ ఒక్కో స్థలం ముందుకు జరుగుతారు. ఈసారి సాయానికి వచ్చింది ఆ నలుగురే. వాళ్లను పిలిచింది కూడా ఎవాల్టే. స్నేహితులనుకున్నాడు, పిచ్చి మారాజు!

శుక్రవారమే అతను చక్రాలకు గ్రీజు పెట్టి, ఒక్కడే భుజం ఆనించి బండిని జానెడు కదిపి చూసుకున్నాడు. శనివారం అయిదుగురు తోస్తే వెంట్రుకవాసి కదల్లేదు. రెండోసారి తోస్తూ ఎవాల్ట్ కిందికి చూశాడు.

"ఏమోయ్ హార్ట్‌మూట్, మడమలు నేల వదలవేం? తోస్తున్నావా, బండికి జ్వరముందేమో చూస్తున్నావా?"

"అదేం మాట పెద్దాయనా! ఇక్కడ నా నడుం విరుగుతోంది."

"వయసైపోయింది ఈయనకి, మన మీద పడుతున్నాడు," అన్నాడు పక్కనున్న టోర్‌స్టెన్. మిగతా ఇద్దరూ నవ్వారు.

మూడోసారీ అంతే. వాళ్ల ఎనిమిది చేతులూ బండిని పట్టుకు వేలాడుతున్నాయి, ఆ బరువు కూడా ఒక్క ఎవాల్ట్ మీదే పడింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, శ్రమకు కాదు.

క్యాంపు నడిపే వీబ్కె మీటరు కొలిచే టేపు చుట్టేసింది. "ఏమీ అనుకోకండి ఎవాల్ట్ గారూ. రూలు మీకు తెలియంది కాదుగా."

"నిన్న నేనొక్కణ్ణే కదిపానమ్మా!"

"ఎవరు చూశారు?"

రోస్విత చూసింది. కుర్చీలోంచి చెయ్యెత్తి "నే... నే..." అంది. ఆ రెండో అక్షరం వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది. అప్పటికే వీబ్కె కాగితం మీద సంతకం పెడుతోంది.

వాళ్లకు స్నానాల గదుల వెనక, యాభై మీటర్ల ఎగువన ఒక స్థలం ఇచ్చారు. అక్కణ్నుంచి నది కనపడదు. ఆదివారం పొద్దున్నే ఆ నలుగురూ పిలవకుండానే వచ్చారు.

"నువ్వు చెయ్యి పెట్టకు పెద్దాయనా, మేం చూసుకుంటాం. ఒకటి, రెండు, హుప్!" అన్నాడు హార్ట్‌మూట్.

కారవాన్ కదిలింది. గడ్డి దాటి, ఎగువకు ఎక్కి, ఎక్కడా ఆగకుండా స్నానాల గదుల వెనక్కి చేరింది. నలుగురూ రొప్పుతూ చెమట తుడుచుకున్నారు. ఎవరూ ఎవాల్ట్ కళ్లలోకి చూడలేదు.

బండి తోసినవాళ్లకు తలా ఒక బీరు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఎవాల్ట్ లోపలికెళ్లి నాలుగు సీసాలు తెచ్చి, మూతలు తీసి ఇచ్చాడు. నలుగురూ తాగారు.