మా మామ బండ్లన్నీ ఎఫ్‌సికి పోతూనే ఉండేవి

బి.కాం. పాసై, బ్యాంకు పరీక్ష రాసి, ఫలితం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో నాకున్నంత తీరిక, ఉన్నంత నీతి ఆ తర్వాత ఇంకెప్పుడూ లేవు. తీరిక చూసి మా అమ్మకు భయం వేసింది. నీతి సంగతి అప్పటికింకా ఎవరూ గమనించలేదు. పొద్దున పదకొండయినా దుప్పట్లోనే ఉన్న నన్ను చూసి ఒకరోజు అమ్మ తన తమ్ముడికి ఫోన్ చేసి, దీన్ని నీ అంగడిలో కూర్చోబెట్టుకో, కనీసం ఫోనన్నా ఎత్తుతుంది అని చెప్పింది. మామ అంగడి అంటే గోడలూ కప్పూ ఉన్నది కాదు. బెంగళూరులో కె.ఆర్.పురం దాటి హొసకోటెకు పోయే దారిలో, ఒక టైర్ల షాపు పక్కన ఖాళీ జాగా. అక్కడ రేకుల గది ఒకటి, దాని ముందర ఎప్పుడు చూసినా ఎనిమిదో తొమ్మిదో పాత కార్లు నిలబడి ఉండేవి. (నిలబడి ఉండడం వాటికి బాగా వచ్చు. కదలడంలోనే తకరారు.)

అన్నీ పదిహేనేళ్లు దాటినవే. ఆ వయసు దాటిన కారు రోడ్డెక్కాలంటే సర్కారు ఇన్‌స్పెక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పరవాలేదు, తిరగొచ్చు అని ఒక కాయితం ఇవ్వాలి. దాన్నే ఊళ్లో అందరూ ఎఫ్‌సి అంటారు. మామ కొనేవన్నీ ఆ కాయితం గడువు తీరిపోయిన బండ్లు. గడువు తీరింది కాబట్టి చవగ్గా వస్తాయి. వచ్చినదానికి పెయింటు కొట్టించి, సీట్లకు కొత్త కవర్లు తొడిగి, లోపల మల్లెపూల వాసన వచ్చే సీసా ఒకటి వేలాడదీసి అమ్మేస్తాడు. ఎఫ్‌సి చేయించడం మాత్రం కొన్నవాళ్ల పని.

ఇందులో మామ అబద్ధం ఆడేవాడు కాదు. ఆ పట్టుదల ఆయనకుండేది. ఎఫ్‌సి ఉండాదా అని ఎవరైనా అడిగితే "చేయించల్ల" అనేవాడు. చేయించాలన్నది నిజమే కదా. ఎప్పుడు అంటే "ఈ నెల్లోనే" అనేవాడు. ఏ నెలలో అడిగినా అదే జవాబు. మామ సొంతానికి తిరిగే కారుకు కూడా మూడేళ్లుగా ఆ కాయితం లేదు. ఎప్పుడైనా పోలీసులు ఆపితే, "ఎఫ్‌సికే పోతా ఉండాను సార్" అని చెప్పేవాడు. ఒకసారి మేమందరం పెళ్లికి పోతుంటే, పట్టుచీరల్లో ఉన్న మా అమ్మనూ అత్తనూ చూపించి కూడా అదే చెప్పాడు. ఎఫ్‌సి ఇచ్చే ఆఫీసు ఇటు కాదు, అటు కదా అని పోలీసాయన అడిగితే, నిజమా సార్, మంచి మాట చెప్పినారు అని బండి తిప్పి, ఒక వీధి చుట్టి మళ్లీ అదే దారిలోకి వచ్చాడు.

నా పని ఫోన్లు ఎత్తడం, బండ్ల ఫోటోలు తీసి నెట్లో పెట్టడం. కన్నడ, ఇంగ్లీషు, తెలుగు మూడూ వచ్చు కాబట్టి మూడు భాషల్లోనూ "చేయించల్ల" అనడం వారం రోజుల్లో నేర్చేసుకున్నాను. పైగా నాది చూడగానే నమ్మాలనిపించే మొహమని మామే అన్నాడు. నేను దాన్ని పొగడ్త అనుకున్నాను.

అట్లా ఉండగా ఒక శనివారం మధ్యాహ్నం ఒక టీచరమ్మ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. హొసకోటె అవతల ఒక పల్లెలో సర్కారు బడి, ఇల్లు కె.ఆర్.పురంలో. రోజూ రెండు బస్సులు మారి పోవాలి, మోకాళ్ల నొప్పులు. వేసవి సెలవుల్లో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు కూడా తీసుకుందట. అన్ని బండ్లూ చూసి చివరికి ఒక చిన్న ఆకుపచ్చ కారు దగ్గర ఆగింది. రేటు మామతో మాట్లాడింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఆ ఒక్క మాట మాత్రం నన్నే అడిగింది.

"బండి రోడ్డు మీద పోవచ్చునా అమ్మా?"

"ఎఫ్‌సి చేయించల్ల టీచర్. అంతే."

ఆ "అంతే" మామ నేర్పింది కాదు. అది నా సొంతం. ఆమె తలూపి అడ్వాన్సు ఇచ్చింది. బడిలో పరీక్షలు జరుగుతున్నాయి, మూడు వారాల తర్వాత వచ్చి తీసుకుంటానని చెప్పి బస్‌స్టాపు వైపు నడిచింది. ఆమె పోయినాక, బండి తుడుద్దామని నేను డాష్‌బోర్డు సొరుగు తెరిస్తే అందులో మడిచిన కాయితాలు రెండు దొరికాయి. రెండూ ఇన్‌స్పెక్టరు రాసినవే. దాని ఎఫ్‌సి గడువు తీరిపోవడమే కాదు, తనిఖీకి తీసుకుపోతే రెండుసార్లు పనికిరాదని తిప్పి పంపారు. మొదటి కారణం బ్రేకులు. రెండో కాయితంలోనూ మొదటి కారణం బ్రేకులే.

మామను అడిగాను. ఆయన కాస్త కూడా తడుముకోలేదు. పనికిరాదన్నది వాళ్ల అభిప్రాయమనీ, అభిప్రాయాలు మనిషికొకటి ఉంటాయనీ, ఆమె నిదానంగా నడిపే మనిషి మాదిరి ఉందనీ చెప్పాడు. నేను ఏడ్చాను. (బి.కాం. చదివిన దాన్ని, అంగడి మధ్యలో నిలబడి, టైర్ల షాపు వాళ్లు చూస్తుండగా.) అమ్మకు చెప్తానన్నాను. అమ్మకు చెప్తే ఏమవుతుందో నాకూ తెలియదు, కానీ మామ కొంచెం తగ్గి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అంత బాధగా ఉంటే నువ్వే చేయించుకొని రా, ఖర్చు నీ జీతంలో పట్టుకుంటా అన్నాడు.

నాకు లైసెన్సు ఉండేది. కానీ నేను నడిపిందంతా డ్రైవింగ్ స్కూలు కార్లోనే. అందులో పక్కన కూర్చున్న నేర్పే ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. సోమవారం పొద్దున ఒంటరిగా ఆ ఆకుపచ్చ కారును రోడ్డెక్కించిన అయిదు నిమిషాలకే, ఇన్నాళ్లూ బ్రేకు వేస్తూ వచ్చింది నేను కాదని అర్థమైంది. అందుకని బ్రేకుతో పని పడనంత మెల్లగా పోయాను. వెనక లారీలు బారులు తీరాయి. ఒక ఆటో ఆయన నా పక్కకు వచ్చి, కాసేపు నాతో సమానంగా నడుపుతూ, ఒంట్లో బాగుందా అని కన్నడలో అడిగి వెళ్లాడు.

ఆఫీసు గేటు ముందే ఏజెంట్లు చుట్టుకున్నారు. బండి లోపలికి తీసుకుపోయి ఎందుకు శ్రమ పడతావు, కాయితం తెచ్చిస్తామన్నారు. వద్దు, నిజంగా చూపించాలి అన్నాను. వాళ్లు నన్ను వింతగా చూసి దారి వదిలారు. లోపల మైదానంలో, నేరేడు చెట్టు నీడలో కుర్చీ వేసుకుని ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. రిటైరు కాబోతున్న వయసు. కోలారు వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. చేతిలో ఒక పెన్ను. దేన్ని చూడాలన్నా ముందు ఆ పెన్నుతో తట్టేవాడు. అందుకని ఆయన నాకు అప్పట్నించి పెన్ను సారు.

పెన్ను సారు హారన్ కొట్టమన్నాడు. కొట్టాను. వైపర్లు తిరిగాయి. ఆయన రాసుకున్నాడు. ఎడమ ఇండికేటరు వేయమన్నాడు. వేస్తే రెండు వైపులా వెలిగాయి. ఎక్కువే వచ్చింది కదా అన్నట్టు నేను ఆయన మొహం చూశాను. అది కూడా రాసుకున్నాడు. ఆ తర్వాత అక్కడున్న ఒక చిన్న ఏటవాలు మీద బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి దిగమన్నాడు. దిగాను. బండి ఒక్క క్షణం ఆలోచించి, మెల్లగా, చాలా మర్యాదగా ఆయన కుర్చీ వైపు బయలుదేరింది. పెన్ను సారు లేచి, కుర్చీని రెండడుగులు పక్కకు జరుపుకుని, బండి నేరేడు చెట్టును ఆనుకుని ఆగేదాకా చూసి, "హ్యాండ్‌బ్రేకు" అని పైకి చదువుతూ రాసుకున్నాడు. మొత్తం పదమూడు తప్పులయ్యాయి. బండి ఎవరిదని అడిగాడు. మామదని చెప్పి, కాదు సార్, ఒక టీచరమ్మది అని దిద్దుకున్నాను.

"మరి దీంట్లో నీదేముందమ్మా?"

"నేను బాగుందని చెప్పినా సార్."

ఆయన కాసేపు పెన్ను క్యాపు తీసి పెట్టాడు, తీసి పెట్టాడు. తర్వాత పదమూడు తప్పుల్లో ప్రాణానికి సంబంధించిన నాలుగింటి కింద గీతలు గీసి, ముందు ఇవి చేయించు అని కాయితం ఇచ్చాడు.

మామ బండ్లకు పనిచేసే మెకానిక్ అన్నకు ఆ కాయితం చూపిస్తే నవ్వాడు. ఇన్నేళ్లలో ఆయన దగ్గరికి ఎఫ్‌సి కోసం బండి రావడం అదే మొదలు. కానీ జె.సి. రోడ్డుకు పోయి సామాన్లు నేనే బేరమాడి తెస్తానంటే సరే అన్నాడు. వారం తర్వాత రెండోసారి తీసుకుపోయాను. పదమూడులో ఎనిమిది పోయాయి. మిగతావి చూద్దామని పెన్ను సారు తలుపు తెరవబోతే పిడి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. దాన్ని నా చేతిలో పెట్టి, ఆరోది అని రాశాడు. మూడోసారి అన్నీ కుదిరాయి గాని, హారన్ కొడితే ఆగలేదు. ఆయన మిగతా బండ్లన్నీ చూసుకుని వచ్చేదాకా మోగుతూనే ఉంది. ఈ మాట చెప్తే మెకానిక్ అన్నకు రోషం వచ్చింది. నా పనికి వంక పెట్టిన ఆ సారు ఎవరో నేను కూడా చూస్తానన్నాడు. నాలుగోసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని నా పక్కన కూర్చుని వచ్చాడు.

ఆ రోజు పెన్ను సారు తానే స్టీరింగు పట్టుకుని మైదానం మూడు చుట్లు తిరిగాడు. మేమిద్దరం నేరేడు చెట్టు కింద నిలబడి చూశాము. మెకానిక్ అన్న పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుకున్నాడో అడగలేదు. బండి సరిగ్గా మా ముందర వచ్చి ఆగింది, ఆగమన్న చోటే ఆగింది. పెన్ను సారు దిగి సంతకం పెడుతూ, "పాస్ చేయకపోతే నేను రిటైరయ్యేదాకా వస్తావు నువ్వు" అన్నాడు.

టీచరమ్మ వచ్చిన రోజు ఎఫ్‌సితో పాటు ఆ పదమూడు తప్పుల కాయితం కూడా ఆమె చేతికిచ్చి, జరిగిందంతా చెప్పాను. బండి వద్దంటే అడ్వాన్సు మామతో ఇప్పిస్తానని కూడా అన్నాను. (మామ ఆ మాట వినపడనంత దూరంలో ఉన్నాడో లేదో చూసుకున్నాకే.) ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు, పైనుంచి కిందిదాకా ఒక్కొక్క వరుసా వేలితో చూసింది. నాకు మార్కులు ఎన్నొస్తాయో అన్నంత భయంగా ఉంది.

"నువ్వు ఆ రోజు 'అంతే' అన్నప్పుడు కిందికి చూసినావు," అంది చివరికి. "ముప్ఫై ఏండ్లుగా పిల్లోళ్లను చూస్తా ఉండాను. నాకు తెలీదనుకున్నావా?"

తెలిసీ ఎందుకు కొన్నారని అడిగాను.

"నా దగ్గరుండే దుడ్డుకు ఎక్కడికి పోయినా ఎఫ్‌సి లేని బండే వస్తాది. ఇక్కడికి రాకముందు నాలుగు అంగళ్లు తిరిగినా. నాలుగుచోట్లా బండి బాగుందని తల ఎత్తుకొని చెప్పినారు."

మిగతా డబ్బు మామకిచ్చి, సీటు ముందుకు జరుపుకుని, కొంగు నడుముకు దోపుకుని, బండి స్టార్టు చేసింది. కుడివైపు ఇండికేటరు వేసి ఎడమవైపుకు తిరిగి హొసకోటె రోడ్డెక్కింది. మామ, నేను, మెకానిక్ అన్న, టైర్ల షాపు వాళ్లు, అందరం ఆమె కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాము.

మామ మాత్రం ఆ ఎఫ్‌సి నకలు ఒకటి తీయించుకుని రేకుల గది గోడకు అంటించాడు. మారాడేమో అనుకున్నాను. రెండు వారాల్లో టీచరమ్మ బడి నుంచి ఇంకో ఇద్దరు వచ్చి బండ్లు అడిగేసరికి, ఆ నకలు చూపించి, మా అంగడిలో మేనకోడలే దగ్గరుండి చేయిస్తాది అని చెప్పి, రేటు కొంచెం పెంచాడు. ఆ రెండు బండ్లకూ నేను పెన్ను సారు దగ్గరికి తిరిగాను. మూడోదానికి తిరుగుతుండగా బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. ఉద్యోగం హుబ్బళ్లిలో. మామ నిజంగానే బాధపడ్డాడు. నాలాంటి మొహం మళ్లీ దొరకదన్నాడు.

ఇది జరిగి పదహారేళ్లయింది. బదిలీల మీద బదిలీలు తిరిగి మళ్లీ బెంగళూరికే వచ్చాను. పోయిన నెల నా సొంత కారుకు పదిహేనేళ్లు నిండాయి. ఆఫీసులో ఎవరో ఒక ఏజెంటు నంబరిచ్చారు. అతను ఇంటికే వచ్చి, వంద మెట్లు ఎక్కొచ్చినవాడిలా వగరుస్తూ, మీరు కూడా వస్తారా మేడమ్, లేక నేనే చూసుకోనా అని అడిగాడు. మీటింగ్ ఉంది, నువ్వే చూసుకో అని తాళంచెవి ఇవ్వబోయాను. అక్కర్లేదు మేడమ్, బండి ఇక్కడే ఉండనివ్వండి, కాయితాలు చాలు అన్నాడు. ఒక్క క్షణం ఆగాను. ఆ ఒక్క క్షణమూ నేను కిందికే చూశానని నాకు బాగా గుర్తు. తర్వాత కాయితాలు ఇచ్చేశాను. సాయంత్రానికి ఎఫ్‌సి వచ్చింది, ఒక్క తప్పు కూడా లేదట. వచ్చే ఆదివారం మెకానిక్ దగ్గరికి తీసుకుపోయి అన్నీ చూపించాలి అనుకుంటున్నాను. చూపించల్ల. ఈ నెల్లోనే.