మాటలు నేర్చుకున్న తాత

కావలిలో నేను పనిచేసే బట్టల షాపులో కౌంటరు మీద చీరలు మడతపెడుతుండగా మా ఆయన ఫోను చేశాడు. "నాయన పోయినాడు. బస్సు దొరక్కపోతే ఆటో మాట్లాడుకోని వచ్చెయ్," అన్నాడు. ఇది పోయిన నెల మాట. కావలి నుంచి మా ఊరు ఎంతో దూరం కాదు గాని, ఆ రోజు దారి తెగలేదు.

మర్నాడు సమాధి దగ్గర పాస్టరుగారు మా మామగారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. కష్టజీవి అన్నారు. రొయ్యల గుంటల మీద అన్నేళ్ళు కాపలా ఉండి ఎవరిచేతా మాట పడలేదన్నారు. మితభాషి అని కూడా అన్నారు. వచ్చినవాళ్ళంతా తలలూపారు. నా కొంగు పట్టుకుని నిలబడ్డ మా పాప నన్ను కిందికి వంచి, "మితభాషి అంటే ఏందమ్మా?" అని చెవిలో అడిగింది. తక్కువ మాట్లాడే మనిషని చెప్పాను. అది పాస్టరుగారి వైపు అనుమానంగా చూసింది. "ఆయన ఎవురి గురించి చెప్తుండాడు? మన తాత గురించేనా?"

ఆ ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాను. పాస్టరుగారు చెప్పింది అబద్ధం కాదు. మా పాపకు వచ్చిన అనుమానమూ తప్పు కాదు.

ఊళ్ళో అందరికీ తెలిసిన మా మామగారు అడిగితే "ఊ" అనేవారు, అడక్కపోతే అదీ ఉండేది కాదు. గుంట కట్ట మీద పాకలో ఒక్కరే ఉండేవారు. గుంట నీళ్ళను చిలికే ఏరేటర్ల మోతలో మనిషి గొంతుతో పనేముంటుంది? ఇంట్లో ఇద్దరి మాటలూ మా అత్తే మాట్లాడేది. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో నేనంటే ఆయనకు గిట్టదేమోనని ఏడ్చాను కూడా. "నాతోనే మాట్లాడడు, నీతో ఏం మాట్లాడతాడే పిచ్చిదానా," అని మా అత్త నవ్వింది. ఆయన గొంతు తీరిగ్గా వినిపించేది సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేసుకునేటప్పుడే. మా ఇంట్లో అందరూ కూర్చుని వరసగా ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు ఆ రోజుకు దేవుడికి స్తోత్రం చెప్పుకుంటారు. ఆ వంతులో మాత్రం ఆయన గొంతు ధారగా సాగేది.

మా పాపకు మూడో ఏడు నడుస్తున్నా మాటలు రాలేదు. "అమ్మ" ఒక్కటే స్పష్టంగా అనేది. ఏదైనా కావాలంటే మన చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కెళ్ళేది. నెల్లూరులో పిల్లల డాక్టరమ్మ చెవులు పరీక్ష చేయించి, వినికిడి బాగుందని చెప్పారు. "ఇంట్లో బిడ్డతో బాగా మాట్లాడండి. ఏ పని చేస్తుంటే ఆ పని చెబుతూ చెయ్యండి. తను దేన్ని చూస్తుంటే దాని గురించే చెప్పండి. ఏదైనా అడిగితే జవాబు కోసం ఆగండి. టీవీ, ఫోను పక్కన పెట్టండి. కొన్నాళ్ళయ్యాక మళ్ళీ రండి, అవసరమైతే మాటల థెరపీకి పంపిస్తాను," అన్నారు. నేనేమో మళ్ళీ షాపులో చేరాలి. మా ఆయన ఐసు వ్యాను మీద తిరిగే మనిషి. మా అత్తకు ఇంటి పనితోనే సరి. నా బిడ్డ ఎప్పటికైనా నాతో నోరారా కబుర్లు చెబుతుందా అని నాకు అన్నం సహించేది కాదు. చూడవచ్చిన చుట్టాలంతా, "తాత పోలిక వచ్చిందిలే," అనేవాళ్ళు. ఓదార్పుకే అనేవాళ్ళు. పక్కనే కూర్చున్న ఆయనకు ఆ మాట ఎలా తగులుతుందో ఎవరూ ఆలోచించలేదు.

ఒకరోజు ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయా, ఆ డాక్టరమ్మ ఏమేం చెప్పిందో ఇంకోసారి చెప్పు," అన్నారు. చెప్పాను. అంతా విని, "నా పోలికంటా ఉండారు గదా. నా పోలికే అయితే నేనే మార్చాల. గుంటల పని మానేస్తా. నువ్వు షాపుకు పో," అన్నారు. పెళ్ళయి వచ్చాక ఆయన నాతో ఒక్కసారిగా అన్ని మాటలనడం అదే మొదలు. మా అత్త చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

మాట్లాడతానని ఒప్పుకున్నారు గాని, ఎలా మాట్లాడాలో ఆయనకు తెలియదు. మొదటి రోజు పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇది చెంబు. ఇది గిన్నె. ఇది గంప," అని చెప్పి, ఇంకేం తోచక చెమటలు తుడుచుకున్నారట. తర్వాత తనకు బాగా చేతనైన పద్ధతిలోకి దిగారు. నేను ఇంట్లో ఉన్న ఆదివారం చూశాను. దోసకాయ చేతిలో పట్టుకుని, "ప్రభువా, ఈ దోసకాయను బట్టి నీకు స్తోత్రము. దీని పసుపు రంగును బట్టి స్తోత్రము. లోపలి గింజలను బట్టి స్తోత్రము," అని రాగం తీస్తున్నారు. ఆ గొంతు వినిపిస్తే ఏం చెయ్యాలో మా పాపకు బాగా అలవాటు. బుద్ధిగా చేతులు జోడించి గట్టిగా కళ్ళు మూసుకుంది. ఈయన దోసకాయ చూపిస్తున్నారు, అది కళ్ళు తెరిస్తే కదా! నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తాను. ఆయన నొచ్చుకోలేదు. "దాని ముందర ప్రార్థన గొంతు పనికిరాదు. మామూలుగా మాట్లాడాల. అదే కష్టంగా ఉండాది," అన్నారు.

ఆ కష్టమైన పనే పట్టుబట్టి నేర్చుకున్నారు. పాప చీమల బారు చూస్తే ఆయనా వంగి చీమలనే చూసి, అవి ఎటు పోతున్నాయో చెప్పేవారు. తీగ మీద బట్టలు ఆరేస్తూ ఒక్కొక్కటీ దానిచేత అందించుకుని, "ఇది ఎవురి చొక్కా?" అని అడిగేవారు. బియ్యం కడిగేటప్పుడు దాని చేతులు కూడా గిన్నెలో ఉండేవి. సముద్రపు ఒడ్డుకు తీసుకెళితే చెయ్యి వదలకుండా పట్టుకుని, గవ్వలు ఏరించి ఇంటికి తెచ్చి, పెద్దవి ఒక పక్కకు, చిన్నవి ఒక పక్కకు పెట్టించేవారు. తడి ఇసుకలో పుల్లతో అది గీసిన గీతలన్నిటికీ ఆయన దగ్గర ఏదో ఒక కథ ఉండేది. "పెళ్ళయినప్పటి నుంచీ నేను విన్న మాటలన్నీ కలిపినా ఈ బిడ్డ ఒక పూటలో విన్నన్ని కావు," అని మా అత్త మూతి తిప్పుకునేది. ఆ మూతి తిప్పడంలో మురిపెం కూడా ఉండేది.

అన్నిటికన్నా నేను మెచ్చుకునేది ఆయన ఆగడం. నేను షాపు నుంచి రాగానే పాపను, "ఏం తిన్నావు? ఏం ఆడుకున్నావు? అది ఏంది? ఇది ఏంది?" అని ఊదరగొట్టేదాన్ని. ఒకరోజు ఆయన నన్ను ఆపారు. రొయ్యల గుంటలో మేత వేసేటప్పుడు కొంచెం ఒక ట్రేలో పెట్టి నీళ్ళలోకి దించుతారు. కాసేపాగి పైకి తీసి చూస్తే రొయ్యలు తిన్నదీ లేనిదీ తెలుస్తుంది. "మేత పెట్టి వెంటనే ట్రే లేపితే ఏముంటది అమ్మాయా? వాటిని దగ్గరికి రానియ్యాల గదా. తినకముందే మళ్ళీ మళ్ళీ మేతేస్తే నీళ్ళు పాడైపోతాయి. ఒకటి అడుగు. అడిగి ఆగు," అన్నారు. ఆయన అలాగే ఆగేవారు. నడిరోడ్డు మీద వంగి పాప మొహంలోకి చూస్తూ నిలబడితే, దారిన పోయేవాళ్ళు, "ఏందన్నా, ఏమన్నా పడిపోయిందా?" అని అడిగేవాళ్ళు. "లేదబ్బా, పాప ఏదో చెప్పబోతా ఉండాది. విందామని," అనేవారు.

సాయంత్రం ప్రార్థనలో కూడా పాపకు ఒక వంతు పెట్టారు. అంతకుముందు దాని బదులు నేనే చెప్పేసేదాన్ని. "దాని వంతు దానికి వదలండి," అన్నారు. మా అత్త తర్వాత పాప. అందరం కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళం. ఇంట్లో చప్పుడుండేది కాదు. ఐసు లోడుకు టైమవుతోందని మా ఆయన కదిలేవాడు. నేనుండబట్టలేక "స్తోత్రం అను తల్లీ" అని గొణగబోతే, ఆయన ఒక కన్ను తెరిచి, ఆగమన్నట్టు వేలు పైకెత్తేవారు. బాగా ఆగిన తర్వాతే తన వంతు మొదలుపెట్టేవారు. పాపను ఏమీ అనేవారు కాదు. మర్నాడు మళ్ళీ అంతే. ఆ నిశ్శబ్దంలో కూర్చోవడం నాకు నరకంగా ఉండేది. ప్రతి సాయంత్రం నా బిడ్డకు మాటలు రాలేదని అందరం కలిసి వింటున్నట్టుండేది. అయినా ఆయన ఆ వంతు తీసెయ్యనివ్వలేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం దాని వంతు వచ్చింది. మామూలుగానే కళ్ళు మూసుకుని ఉన్నాం. "పీత," అని వినిపించింది. నేను కళ్ళు తెరిచాను. పాప తాత వైపే చూస్తోంది. "తాతా, పీత!" అంది మళ్ళీ, రెండు చేతులతో పీత పాకినట్టు చూపిస్తూ. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒడ్డున పీత వెంట పడ్డారట. మా మామగారు "ఆమెన్" అన్నారు. మా అత్త కళ్ళు తుడుచుకుంటూ, "దేవుడు ఇంత ఇస్తే దీనికి పీతే దొరికిందా," అంది. నేను పాపను ఒళ్ళోకి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చాను. అంత సంతోషం నాకు అంతకుముందెప్పుడూ తెలియదు.

తర్వాత మాటలు ఒకటొకటిగా వచ్చాయి. కొన్నాళ్ళు థెరపీకి కూడా తీసుకెళ్ళాం. అక్కడ చెప్పినవన్నీ ఇంట్లో చేయించింది ఆయనే. ఇప్పుడు మా పాప ఒకటో తరగతి. క్లాసులో నోరు మూయదని టీచరు ఫిర్యాదు. ఆ ఫిర్యాదు విని మా మామగారు ఊళ్ళో నలుగురికీ చెప్పుకున్నారు, తనంతట తానుగా!

కొన్ని నెలల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. ఏదో చెప్పబోయేవారు, అది సగంలో ఆగిపోయేది. మేం కంగారుపడి, "నీళ్ళా మామా? మాత్రా? ఫ్యానెయ్యమంటారా?" అని మీద పడేవాళ్ళం. ఆయన కళ్ళు మూసుకునేవారు. మా పాప నన్ను పక్కకు నెట్టింది. "ఒకటే అడుగమ్మా. అడిగి ఆగు," అంది. తాత మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మొహంలోకి చూస్తూ, ఆయన నోట మాట వచ్చేదాకా కదలకుండా ఉండేది. చివరికి వచ్చిన ఆ మాట మేం అనుకున్నవాటిలో ఒకటి అయ్యేది కాదు. ఒకసారి ఆయన అడిగింది కిటికీ తెరవమని. ఇంకోసారి, "బళ్ళో ఏం చెప్పినారు?" అని.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నాం. మా ఆయన చెప్పాడు, నేను చెప్పాను, మా అత్త చెప్పలేక చెప్పింది. పాప చెప్పింది. ఆఖరి వంతు ఎప్పుడూ ఆయనదే. ఆ ఖాళీని దాటెయ్యాలని నేను గబగబా "ఆమెన్" అనబోయాను. ఎవరూ కదలకపోవడంతో కళ్ళు తెరిచి చూశాను. ఆయన కూర్చునే చాప వైపు చూస్తూ, నన్ను ఆగమన్నట్టు మా పాప వేలు పైకెత్తి ఉంది.