ఇంకో టేకు అడిగిన అక్క

మా డబ్బింగ్ అక్క పోయింది. పొద్దున స్టూడియోకు బయలుదేరుతుంటే బావగారే ఫోన్ చేసి, "మీ అక్క ఇక లేదమ్మా" అన్నారు. కృష్ణానగర్ గదిలో చెప్పులేసుకున్నదాన్ని అలాగే కూర్చుండిపోయాను.

తెరమీద ఎందరో అమ్మలు ఏడ్చింది ఆమె గొంతుతోనే. మీరూ వినే ఉంటారు, పేరు మాత్రం తెలియదు. నాకు మైకు ముందు నిలబడటం నేర్పింది ఆమే. "ఏడుపు గొంతులో కాదే, ఊపిరిలో ఉండాలి" అనేది. తప్పు పలికితే తిట్టకుండా మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చేది. ఆ గ్లాసంటే నాకు తిట్టుకన్నా భయం.

క్యాన్సరని తెలిశాక ఫిల్మ్‌నగర్‌లో సలహాలకు కొదవా? హీరోల ఒళ్లు తగ్గించే కీటో డైట్, అంటే అన్నం మానేసి కొవ్వులే తినడం, క్యాన్సర్‌నూ ఎండగడుతుందని ఎవరో చెప్పారు. డాక్టరమ్మ ఔననలేదు, కాదనలేదు. "కణితి నెమ్మదిస్తుందని, రోగనిరోధక శక్తికి మేలని ఎలుకల్లో కొంత కనిపించింది. మనుషుల్లో ఇంకా తేలలేదు. మందులు ఆపొద్దు, బరువు తగ్గనివ్వొద్దు" అంది. ఆ తేలకపోవడంలోనే అక్కా, బావగారూ ఇరుక్కుపోయారు. బావగారు ఇంట్లో బియ్యం లేకుండా చేశారు. తనూ అన్నం మానేశారు. రోజూ గుడ్లు, పనీరు, వెన్న. అక్క చీరకు కుచ్చిళ్లు పెరుగుతూ వచ్చాయి. నాకు కోపమొచ్చేది, ఎవరిమీదో తెలిసేది కాదు.

"వద్దని చెప్పరాదక్కా" అన్నాను ఒకరోజు.

"ఎలా చెప్పనే? నాకోసం ఆయనా మానేశారు. రేపు జబ్బు ముదిరితే నేను తిన్న ముద్ద వల్లే అనుకుంటారు."

ఓసారి భోంచేస్తూ మాట్లాడే సీనొచ్చింది. అలాంటివి మేం ఖాళీ నోటితో నములుతూ పలుకుతాం. అక్క నా టిఫిన్ డబ్బా అడిగింది. పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని డైలాగ్ చెప్పింది. ఇంజనీర్ ఓకే అన్నాడు. ఎప్పుడూ ఒక్క టేకుతో ముగించే మనిషి, "ఇంకోటి చేద్దాం" అంది. ఆ తర్వాత మరొకటి. అద్దం ఇవతల ఇంజనీర్ ప్రతి ముద్దకూ మళ్లీ రికార్డు నొక్కాడు. బయటికొచ్చి మూతి తుడుచుకుని, "ఆయనకు చెప్పకే" అంది.

కర్మ రోజు భోజనాల్లో బావగారి విస్తట్లో ఎవరో అన్నం వడ్డించారు. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"స్టూడియోలో నీతోనే ఉండేది కదమ్మా. ఎప్పుడైనా అన్నం తినాలనుందని అందా?"

"లేదు బావగారూ. ఎప్పుడూ అనలేదు."

"నిజంగా?"

తలూపాను. ఆయన పెరుగేసుకుని అన్నం కలపడం మొదలుపెట్టారు. జబ్బుమనిషికి కలిపినట్టు మెత్తగా కలిపారు. కలుపుతూనే ఉన్నారు. బంతిలో అందరూ లేచిపోయినా, ఆ చెయ్యి నోటిదాకా రాలేదు.